మారెక్క అరచేతుల్లో వాన

“నా చెయ్యి చూసేకి వచ్చినావా అబ్బీ, నన్ను చూసేకి వచ్చినావా? ముందు అది చెప్పు. పొద్దున్నుంచి వచ్చినోళ్లంతా చెయ్యి చూసేకి వచ్చినోళ్లే.”

మారెక్క గొర్రెల దొడ్డి ముందర గోనెపట్ట మీద కూర్చొని ఉంది. రెండు చేతులూ కొంగు కింద దాచుకొనింది. ముందురోజు సందకాడ గట్టి వాన పడింది. దొడ్డిలో బురద, తడిసిన బొచ్చు వాసన. గొర్రెలు ఒకదాన్నొకటి ఆనుకొని నిలబడి ఒళ్లు విదిలించుకుంటున్నాయి.

నేను మందు ఇచ్చేకి వచ్చినానని చెప్పినాను. ఆమె కొడుకు ఓబులేష్, నేను రాయదుర్గంలో ఒకే చోట జీన్స్ ప్యాంట్లు కుడతాం. ఆ ఆదివారం వానికి సెలవు ఇయ్యలేదు. అమ్మకు పూత మందు అయిపోయిందని చెప్పి, తెప్పించి పెట్టిన ట్యూబు నా జేబులో పెట్టి బస్సెక్కించినాడు.

“అయితే నన్ను చూసేకి వచ్చినట్లే లెక్క. కూర్చో” అని పక్కన ఉన్న ఇంకో గోనెపట్ట నా వైపు జరిపింది.

వాళ్లది ఉరవకొండకూ రాయదుర్గానికీ నడుమ ఉండే పల్లె. ఏడాదికి ఒక్క పంట, అదీ వాన పడితే. శనక్కాయ విత్తే రోజులు దగ్గర పడితే అందరూ ఆకాశం చూస్తారు. ఆ ఊర్లో మాత్రం కొన్నేండ్లుగా ఆకాశం చూసి, మళ్లీ వచ్చి మారెక్క అరచేతులు చూస్తున్నారని నాకు ఆ రోజు దాకా తెలియదు. వాళ్లమ్మకు చేతుల్లో, కాళ్లలో చీము పొక్కులు లేస్తాయని ఓబులేష్ చెప్పినాడు గాని ఈ సంగతి చెప్పలేదు. సిగ్గుపడినాడేమో. మిగతాదంతా ఆమే చెప్పింది.

మొదట లేచింది కుడిచేతి బొటనవేలి మొదట్లో. ఆవగింజలంత పొక్కులు, లోపల పచ్చగా చీము. ముల్లు గుచ్చుకొనిందేమో అనుకుంది. గొర్రెల వెంట తిరిగే మనిషికి ముల్లు కొత్త కాదు. కొన్నాళ్లకు ఆ పొక్కులు గోధుమ రంగుకు తిరిగి, ఎండి, పొరలు పొరలుగా ఊడినాయి. పోయిందిలే అనుకునే లోపల కొత్తవి లేచినాయి. ఈసారి రెండు అరచేతుల్లోనూ, అరికాళ్ల గుంతల్లోనూ. మంట, దురద. చర్మం మందమై పగిలింది. వేడి సంకటిని ముద్ద చేసేకి చెయ్యి రాలేదు. నేల మీద అడుగు పెడితే పెంకుల మీద పెట్టినట్లు ఉండేదట.

చీము ఉందంటే అది బయటికి పోవాల. ఊర్లో అందరికీ తెలిసిన వైద్యం అది. జాలిముల్లు కొనను మంటలో కాల్చి, ఒక్కొక్క పొక్కూ పొడిచి, పిండి, పైన పసుపూ వేపాకూ నూరి పెట్టింది. పొడిచిన చోటల్లా పుండయింది. సూదులేసే ఆయన దగ్గరికి పోతే ఆయన చీముకని సూది వేసినాడు, గజ్జికని పూత ఇచ్చినాడు. రెండూ పని చెయ్యలేదు. గజ్జి అనే మాట మాత్రం ఊరంతా తిరిగింది.

బయ్యన్న అని ఆ ఊరి పెద్ద ఆసామి ఉన్నాడు. ట్రాక్టరూ, దానికి కట్టి విత్తే గొర్రూ ఆయనవే. ఆయన బండి కదిలితేనే మిగతా ఊరు విత్తనం వేసుకునేది. ఏటా వానలకు ముందు ఆయన వసారాలో ఆడవాళ్లంతా కూర్చొని విత్తనక్కాయలు ఒలుస్తారు. మిషన్‌కు వేస్తే గింజ పైపొట్టు చిట్లుతుంది, అట్లాటి గింజ మొలవదని ఆయన పట్టు. గజ్జి మాట పుట్టినాక ఆ వసారాలో ఆడవాళ్లు మారెక్కకు రవ్వంత ఎడంగా జరిగినారు. ఆమె ఒలిచిన గింజలు ఆమె చాటలోనే ఉండిపోయేవి, ఎవరూ తీసి కుప్పలో కలిపేవాళ్లు కారు. మంచినీళ్లు అడిగితే చెంబు ఎత్తి పోసేవాళ్లు. ఒకామె అయితే, ఈశ్వరి అని, “నువ్వు గొర్రెలు మేపుకోరాదా అక్కా, ఏంటికి నీకీ తిప్పలు” అని మంచిమాటగానే అనిందట. ఆ మంచిమాట బాగా నాటుకొనింది.

ఒకరోజు బయ్యన్న వసారాలో నిలబడి మబ్బులు చూసి చూసి, విసుగొచ్చి, ఇటు తిరిగి మారెక్క చేతులు చూసినాడు. “ఏమ్మే, మళ్లీ పొక్కినాయా? పోయినేడు కూడా నీ చేతులు పొక్కినాకనే కదా వాన వచ్చింది” అన్నాడు. ఊరికే నవ్వులాటకు అన్న మాట. ఆ వారంలోనే వాన పడింది.

“ఆ మాటతో గజ్జి పోయిందప్పా” అనింది మారెక్క. “చెయ్యి అట్లనే ఉండాది. గజ్జి పోయింది.”

మరుసటేడు బయ్యన్న మళ్లీ అడిగినాడు, ఈసారి నవ్వకుండా. మళ్లీ పొక్కులు లేచినాయి, మళ్లీ వాన పడింది. ఇంక ఊరు ఊరుకోలేదు. టీకొట్టు కాడ, బస్టాండు కాడ, ఎవరు ఎదురైనా “చేతులెట్లుండాయి అక్కా?” అనే పలకరింపు. టీవీలో వాన సంగతి చెప్పే పాప కంటే మారెక్క నయం, ఆ పాప వేళ్లు చూపిస్తాది గాని పొక్కులు చూపించదు కదా అని తమాషా చేసేవాళ్లు. పక్క ఊరు నుంచి మోటరు సైకిల్ మీద వచ్చి చూసిపోయినోళ్లు ఉన్నారు. వసారాలో ఆమెకు స్తంభానికి ఆనుకొనే చోటు దొరికింది. ఈశ్వరి తన చాటలోకే ఆమె గింజలు తీసుకుని కలిపింది.

“బాగుండె, నిజం చెప్తాండా” అనింది ఆమె. “నొప్పి నొప్పే. కానీ నొప్పికి ఒక విలువొచ్చింది. ముందు ఎవరూ చూడకుండా చేతులు దాచుకుంటి, తర్వాత అడగకముందే చాపితి.”

ఎర్రప్ప ఆమెకు వరసకు మరిది. దొడ్డి వెనకే ఇల్లు. కొంచెం చేను, ఒక్క పంట మీదే ఇల్లు నడవాల. పోయినేడు కాలం కంటే ముందే మారెక్క చేతులు, కాళ్లు పొక్కినాయి. ఎప్పటికంటే ఎక్కువగా లేచినాయి. ఎర్రప్ప వచ్చి, “వదినా, ఒకసారి చూపియ్” అన్నాడు. చూపించింది. ఇంత గట్టిగా పొక్కినాయంటే వాన కూడా గట్టిగా ఉంటాదని లెక్క వేసుకున్నాడు. తర్వాత పడిన చిన్న జల్లుకే విత్తనం వేసినాడు. బయ్యన్న కూడా ఆగినాడు గాని ఎర్రప్ప ఆగలేదు, ఎద్దులు అడుక్కొని మరీ వేసుకున్నాడు. వెనక వాన రాలేదు. గాలి మాత్రం వచ్చింది. సగం గింజ మట్టిలోనే మాడింది, మొలిచింది మొలిచినట్లే వాలిపోయింది.

“ఏమీ అనలేదు అబ్బీ ఆయప్ప. ఇదిగో ఈ దోవనే పోతాడు పొద్దునా సందకాడా. ‘వదినా, తిన్నావా’ అంటాడు. ఒక్క మాట అనింటే నేను ఒక మాట అనింటా, పోయింటాది. అనలేదు. ఇన్నేండ్లు నొప్పి ఓర్చుకున్నా గాని అది ఓర్చుకోలేకపోయినా. ఓబులేష్‌కి ఫోన్ చేయించి, నన్ను యాడికన్నా పెద్ద డాక్టరు కాడికి తోడుకోని పో అని చెప్పినా. ఈ చెయ్యి చూసి ఇంకొకరు విత్తనం వెయ్యకూడదు.”

అనంతపురంలో చర్మం చూసే డాక్టరమ్మ ముందు మారెక్క అలవాటు కొద్దీ చేతులు వెల్లకిలా చాపిందట. చాపి, “వాన సంగతి కాదులేమ్మా, నొప్పి సంగతే” అనిందట. డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఓబులేష్ తల దించుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం వట్టి చేతులతోనే మారెక్క చెయ్యి పట్టుకొని, వేళ్ల సందుల్లో చూసి, కాళ్లు ఎత్తి బల్ల మీద పెట్టించి అరికాళ్లు చూసి, ఇది గజ్జి కాదని చెప్పింది. పొక్కులో చీము కనిపిస్తుంది గాని ఆ చీములో పురుగు లేదు. పక్కవాళ్లకు అంటదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పట్లో పండుకున్నా అంటదు. పొడిచి పిండితే పోయేది ఏమీ లేదు, పుండు కావడం తప్ప.

“మందకు కాపలా పెట్టిన కుక్క తిక్కరేగి సొంత గొర్రె పిల్లల్నే కరుస్తాది చూడు, అట్లాంటిదంట” అని మారెక్క నాకు విడమరిచి చెప్పింది. కుక్క మాట డాక్టరమ్మ అనిందా అని అడిగినాను. “ఆయమ్మ రక్తంలో కాపలా ఉంటాదనింది. కుక్క నాది” అనింది.

ఇది పూర్తిగా పోయే జబ్బని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు. వస్తుంది, పోతుంది, కొన్నాళ్లు అసలు కనిపించదు, మళ్లీ వస్తుంది. అదుపులో పెట్టుకోవాల. రాత్రి పండుకునే ముందు గట్టి మందు పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, నూలు మేజోళ్లు తొడుక్కోవాల. అదీ చెప్పినన్ని రోజులే. తర్వాత ఆపి, వట్టి మెత్తదనం ఉండే పూత పూసుకోవాల. ఆ గట్టి మందు ఆపకుండా పూస్తే చర్మం పల్చనైపోతుంది. బట్టల సబ్బు చేతికి తగలకూడదు. రబ్బరు చెప్పులు వదిలి మెత్తటి చెప్పులు వేసుకోవాల. కీళ్లు నొప్పి పుట్టినా, ఎదురు రొమ్ము ఎముక నొప్పి పుట్టినా దాచుకోకుండా వచ్చి చెప్పాల. గొంతు కాడ ఉండే థైరాయిడ్‌కు కూడా రక్తం పరీక్ష చేయించింది. వీటితో తగ్గకపోతే మాత్రలున్నాయి, వెలుతురు పట్టించే వైద్యం ఉంది, ఒక్కొక్కటీ చూద్దామనింది.

తర్వాత బీడీ సంగతి అడిగింది.

మారెక్క బీడీ తాగుతుందని ఓబులేష్‌కు తెలుసు, తెలియనట్లు ఉంటాడు. మంద వెంట ఒక్కతే తిరిగే రోజుల్లో మొగుడు అలవాటు చేసినాడు. మొగుడు పోయినా అలవాటు పోలేదు. పొగ తాగేవాళ్లలోనే ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుందని, మానితే రేపటికే తగ్గుతాదని చెప్పలేను గాని మానకపోతే మందుకు కష్టమవుతుందని డాక్టరమ్మ చెప్పిందట. కొడుకు ముందర ఆ మాట విన్నందుకు మారెక్కకు తల కొట్టేసినట్లయింది. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు కట్ట తీసి కిటికీలో నుంచి పారేసింది.

“మూడోనాటికే ఎర్రప్పను అడుక్కోని తాగినా” అని నవ్వింది. “మళ్లీ మానినా. మళ్లీ తాగినా. ఇప్పుడు మానింది గట్టిగా మానినట్లే ఉండాది. కొంగులో వేయించిన శనగలు కట్టుకోని పోతా. మొదట్లో గొర్రెలు నన్ను గుర్తు పట్టలేదు తెలుసా? ముందర బీడీ వాసన చూసి కదా వెంట వచ్చేవి.”

అయితే ఆ రోజు డాక్టరమ్మ అడిగిన వాటిలో ఒకటి మారెక్క మనసులో పడి ఉండిపోయింది. ఇవి ఎప్పుడెప్పుడు ఎక్కువవుతాయని అడిగితే, వానకు ముందు అని చెప్పింది. వానకు ముందు నువ్వేం పని చేస్తావు అని అడిగింది డాక్టరమ్మ. విత్తనక్కాయలు ఒలుస్తానని చెప్పింది. ఎట్లా ఒలుస్తావో చూపించమంది. మారెక్క ఖాళీ చేతుల్లోనే కాయ పట్టుకొని, బొటనవేలి మొదలుతో అరచేతిలో నొక్కి చూపించింది. పొక్కులు గుంపుగా లేచింది సరిగ్గా ఆ నొక్కిన చోటే. డాక్టరమ్మ చూసింది, మారెక్కా చూసింది. ఒత్తిడి, రాపిడి తగిలిన చోట ఇది రేగుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఎండాకాలం చివర గొర్రెలు గడ్డి కోసం చాలా దూరం పోతాయి, వాటి వెంట కాలిన నేల మీద ఆమే నడుస్తుంది. కాళ్ల సంగతి అది.

మిగతాది బస్సులో ఆలోచించుకుంది.

“వాన వస్తాదని వాళ్లు కాయలు ఒలిపిస్తిరి. కాయలు ఒలిస్తే నా చెయ్యి పొక్కె. చెయ్యి పొక్కిందని వాళ్లు వాన వస్తాదనుకొనిరి. అంటే చూడు, ఊరంతా దాని మొహమే అది చూసుకొనింది, నా చేతిలో. పోయినేడు ముందుగా ఏంటికి పొక్కింది? బయ్యన్న టీవీలో వానలు ముందే వస్తాయని విని, ముందే వసారాలో కాయలు కుమ్మరించినాడు. ఎర్రప్ప పాపం నా చేతిని నమ్మి విత్తినాననుకున్నాడు. ఆయప్ప విత్తింది టీవీని నమ్మి.”

ఈ సంగతి బయ్యన్నకు చెప్పింది. ఆయన విన్నాడు. చాలాసేపు విన్నాడు. “నిజమేలేమ్మే” అన్నాడు. తర్వాత ఈ ఏడు వానలు దగ్గర పడినాక ఇంటికి వచ్చి, ఆమె చేతులు తిప్పి తిప్పి చూసి, “ఆ మందు కొన్నాళ్లు ఆపరాదా? వాన వచ్చినాక పూసుకుందువు. మందుతో కప్పేసినావు, మాకేం తెలుస్తాది?” అన్నాడు.

ఆ మాట వచ్చినప్పుడు మారెక్క నవ్వలేదు. ఆయన పోయినాక ట్యూబు తీసి గూట్లో పైన పెట్టిందట. వసారాలో ఆ స్తంభం గుర్తొచ్చిందని అనింది. మళ్లీ ఎడంగా జరుగుతారేమో అని కూడా అనుకుంది. అప్పుడే ఒక గొర్రెపిల్ల కంప దాటి దోవ మీదికి పోతే, లేచి దాని వెంట పోయి పట్టుకొనింది. పట్టుకున్నాక చూసుకుంటే చెప్పుల్లేవు. చెప్పుల్లేకుండా, నేల చూసుకోకుండా, నొప్పి తెలియకుండా దోవ దాకా నడిచి వచ్చింది. పిల్లను చంకన పెట్టుకొని ఇంట్లోకి పోయి గూట్లో నుంచి ట్యూబు కిందికి దించింది.

ఈ ఏడు వసారాకు పోయింది గాని కాయలు ఒలవలేదు. ఒలిచిన గింజల్లో చిట్లినవి, పుచ్చినవి ఏరింది. ఎవరూ ఎడంగా జరగలేదట. ఈశ్వరి, “అక్కా, చేతులు పెండ్లికూతురు చేతులైనాయే” అని ఏడిపించిందట.

మరి ఇప్పుడేమైంది అని అడిగినాను. ఆమె గొర్రెల వైపు చూస్తూ చెప్పింది. నిన్న పడింది మంచి వాన. విత్తేకి కావాల్సిన తడి, పదును, నేలలోకి బాగా దిగింది. తెల్లారేసరికి బయ్యన్న ట్రాక్టరుకు గొర్రు తగిలించి ఉండాల. తగిలించలేదు. మారెక్క చేతులు పొక్కలేదు కాబట్టి ఇది నిలబడే వాన కాదు, వెనక వాన రాదు, విత్తితే గింజ దండగ అని గేటు కాడ కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఆయన కదలకపోతే ట్రాక్టరు కదలదు. పోయినేడు ఎద్దులు ఇచ్చినోళ్లు ఈ ఏడు అమ్ముకున్నారు, అందుకని ఎర్రప్ప విత్తనం మూట కట్టుకొని పొద్దున్నుంచి ఆ గేటు కాడే నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం నుంచి గాలి లేస్తుంది. మా పక్క ఈ కాలం గాలి ఎట్లాంటిదో చెప్పక్కర్లేదు. రేపు సందకాడికి పైపదును ఆరిపోతుంది.

“పొద్దున్నుంచి మనుషుల్ని పంపిస్తానే ఉండాడు. ఒక పొక్కన్నా లేచిందా చూసి రండని. ఏందప్పా ఇది. నిండా వాన కురిసి, కాలు దిగబడే బురదలో నిలబడుకోని, వాన వచ్చిందా అని నా చెయ్యి అడుగుతారు.”

అప్పుడు కొంగు కింద నుంచి చేతులు తీసింది. నేను చూస్తానని అడగలేదు, అయినా తీసింది. అరచేతుల్లో అక్కడక్కడా గోధుమ రంగు మచ్చలు, లేత ఎరుపు చర్మం. ఎడమ చేతి మణికట్టు దగ్గర మాత్రం ఆవగింజలంత రెండు కొత్తవి లేచి ఉన్నాయి, లోపల పచ్చగా.

“నిన్న వానలో మందను లోపలికి తోలేటప్పుడు దొడ్డి ముళ్లకంప గుంజినా. ఇక్కడ ఒరుసుకొనింది” అని చెప్పింది. “ఇవి చూపిస్తే చాలు. ఇప్పుడే బండి కదుల్తాది. ఎర్రప్ప గింజ పదునులో పడతాది. నాకు తెలుసు. తెల్లారినప్పటి నుంచి ఇదే ఆలోచన చేస్తాండా.”

చూపించడమే మేలని నాకు లోపల అనిపించింది. ఆ మాట నా మొహంలో కనిపించిందేమో, ఆమె మళ్లీ కొంగు కప్పుకొనింది.

“ఈ ఏడు చూపిస్తే వచ్చేడు మళ్లీ చూపియ్యాల. వచ్చేడు వీటిని నమ్మి ఇంకో ఎర్రప్ప జల్లుకు విత్తుతాడు. వెనక వాన వస్తాదో రాదో బయ్యన్నకు తెలీదు, నాకు తెలీదు, నా చెయ్యికి అసలే తెలీదు. పదును దిగిందా లేదా, అది నేలను అడిగితే చెప్తాది.”

లేచింది. మెత్తటి చెప్పుల్లో కాళ్లు పెట్టుకొని దొడ్డి మూలకు పోయి, చిన్న పార ఒకటి తీసుకొని వచ్చి బురద దులిపి నా చేతికి ఇచ్చింది. నేను తెచ్చిన ట్యూబు అప్పటికే ఆమె నడుము దగ్గర దోపుకొని ఉంది.

“నీ బస్సు బయ్యన్న గేటు కాడనే నిలబడేది. బిరీన పో, గాలి లేచే లోపల పోవాల. ఆయన చేను గేటు పక్కనే ఉండాది. ముందు ఏమీ మాట్లాడొద్దు, ఆయన కుర్చీకి ఎదురుగా ఒక గుంత తవ్వు, జానెడు లోతు. అడుగు మన్ను ఒక పిడికెడు తీసి ఆయన చేతిలో పెట్టు, పిసికి చూడమను. ముద్దయితే ఇంగ ఏంటికి కూర్చున్నావని అడుగు. మారెక్క చెయ్యి ఎట్లుండాదని నిన్ను అడుగుతాడు, అడగకుండా ఉండడు. నేను మారెక్కను చూసేకి పోయినా, చెయ్యి చూసేకి పోలేదని చెప్పు. పార ఎర్రప్పకు ఇచ్చేసి బస్సెక్కు నాయనా, ఈడికి మళ్లీ తేవద్దు.”